బత్తాయి తోటకు, గోడ అవతలి మనిషిని చూపే రాడార్ పనికొస్తుందా?

బత్తాయి_పెద్దవూర
పెద్దవూర దగ్గర మాకు ఎనిమిదెకరాల బత్తాయి తోట ఉంది. రెండేళ్లలో మూడుసార్లు బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు, ఒకసారి స్టార్టర్ డబ్బా ఊడబీకారు. మొన్న దసరాకు ముందు పక్క చేలోని ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి, నూనె పారబోసి, లోపలి రాగి తీగంతా ఎత్తుకుపోయారు. ఆ ఒక్క దాని మీదే ఆరుగురు రైతుల మోటార్లు నడిచేవి. ఈ సంగతి తెలిసి పట్నం నుంచి ఒకాయన వచ్చి, టిఫిన్ డబ్బాంత పెట్టె చూపించి, ఇది అల్ట్రా వైడ్‌బ్యాండ్ రాడార్ అనీ, సైన్యం వాడేదనీ, చీకట్లోనైనా వానలోనైనా 300 మీటర్ల దాకా మనిషి అడుగు పెడితే ఫోనుకు చెబుతుందనీ అన్నాడు. మా మోటారు గదిలో పెట్టి చూపించాడు కూడా. మా అల్లుడు తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అవతల నిలబడితే, ఇవతల ఫోనులో ఒక చుక్క కనిపించి, దాని పక్కన 4.2 మీటర్లు అని పడింది. కళ్లారా చూశాను కాబట్టి నమ్మకం కుదిరి పదివేలు బయానా ఇచ్చాను. మొత్తం ధర 85 వేలు. మిగతాది ఇచ్చే ముందు తెలిసినవారు చెప్పండి.

మిర్యాలగూడ_మిల్లు
300 మీటర్ల దూరంలో మనిషిని నిలబెట్టి చూపించాడా, లేక గోడ వెనక మాత్రమే చూపించాడా?

బత్తాయి_పెద్దవూర
గోడ వెనక మాత్రమే. తోటలో పెట్టేటప్పుడు లోపలి ప్రోగ్రామ్ మారుస్తే దూరం పెరుగుతుందన్నాడు.

మిర్యాలగూడ_మిల్లు
మా మిల్లుకు తూకం మిషను అమ్మినవాడు కూడా ఇదే మాట అన్నాడు. ప్రోగ్రామ్ మార్చాక బియ్యం బరువు పెరగలేదు కానీ బిల్లు పెరిగింది.

పాత_తరంగం
ముప్పై ఏళ్లు రేడియో యంత్రాల మధ్య పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి. మామూలు రాడార్ ఒక సన్నని పౌనఃపున్య (ఫ్రీక్వెన్సీ) పట్టీలో పనిచేస్తుంది. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటే ఆ పట్టీ కనీసం 500 మెగాహెర్ట్జ్ వెడల్పైనా ఉండాలి, లేదా మధ్య పౌనఃపున్యంలో ఐదో వంతుకు మించైనా ఉండాలి. 2002 ఫిబ్రవరిలో అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ ఈ నిర్వచనంతోనే 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతి ఇచ్చింది. వెడల్పు ఎందుకంటే, పట్టీ ఎంత వెడల్పైతే పంపే స్పందన (పల్స్) అంత పొట్టిదవుతుంది, స్పందన ఎంత పొట్టిదైతే దగ్గరదగ్గరగా ఉన్న రెండు వస్తువులను అంత విడదీసి చూడగలం. 500 మెగాహెర్ట్జ్ పట్టీకి 30 సెంటీమీటర్ల తేడా తెలుస్తుంది, 3 గిగాహెర్ట్జ్ ఉంటే 5 సెంటీమీటర్లు తెలుస్తుంది. గోడ ఎక్కడ ముగిసింది, దాని వెనక మనిషి ఎక్కడ మొదలయ్యాడు అన్నది విడిగా కనబడడానికి కారణం ఇదే. మీ అల్లుడు కనిపించడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు దూరం సంగతి. అంత వెడల్పు పట్టీలో ఇప్పటికే ఎందరో వాడుకుంటున్న తరంగాలున్నాయి కాబట్టి, ఎవరికీ అడ్డురాకుండా ఉండాలని శక్తిని బాగా కట్టడి చేశారు. ఒక్కో మెగాహెర్ట్జ్‌కు 74 నానోవాట్ల చొప్పున 7,500 మెగాహెర్ట్జ్ మొత్తం వాడుకున్నా అర మిల్లీవాటుకు కాస్త ఎక్కువ, అంతే. మీ జేబులోని 4జీ ఫోను గరిష్ఠంగా పంపే 200 మిల్లీవాట్లతో పోలిస్తే ఇది ఏ మూలకు? పైగా రాడార్‌లో తరంగం వెళ్లాలి, తగిలి తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు పలచబడినట్టే వచ్చేటప్పుడూ పలచబడుతుంది కాబట్టి, దూరం రెట్టింపు కావాలంటే శక్తి పదహారు రెట్లు కావాలి. పది మీటర్లు చూసే పెట్టెను 300 మీటర్లు చూసేలా చేయాలంటే, మిగతావన్నీ అలాగే ఉంచితే, దూరం ముప్పై రెట్లు, శక్తి ఎనిమిది లక్షల పదివేల రెట్లు. అర మిల్లీవాటును అంతతో గుణిస్తే నాలుగు వందల వాట్లు దాటుతుంది. అది ప్రోగ్రామ్ మారిస్తే వచ్చేది కాదు.

పాలమూరు_బీటెక్
పాత_తరంగం గారు, లెక్క సరైనదే కానీ ముగింపు కొంచెం తొందరగా చేశారేమో. భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసే యుద్ధక్షేత్ర నిఘా రాడార్ నడిచే మనిషిని సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో పట్టుకుంటుందని మా క్లాసులో చెప్పారు. దాన్ని ఇద్దరు ముగ్గురు సైనికులు మోసుకుపోగలరు కూడా. అంటే చిన్న యంత్రానికి దూరం అసాధ్యం కాదు కదా?

పాత_తరంగం
మంచి ప్రశ్న తమ్ముడూ, కానీ అది వేరే జాతి. అది స్పందన డాప్లర్ రాడార్, అంటే పల్సులు పంపి, తగిలి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం ఎంత మారిందో చూసి కదలికను పట్టేది. శక్తినంతా సన్నని పట్టీలో, సన్నని పుంజంలో పోగుచేసి ఒకవైపు పంపుతుంది, తిరుగుతూ ఒక్కో దిక్కూ చూస్తుంది, సరిహద్దులో సైన్యం వాడుతుంది కాబట్టి దానికి ఈ అర మిల్లీవాటు కట్టడి లేదు. దాన్ని గోడ వెనక పెడితే ఏమీ చెప్పదు. ఒకటి దూరం చూస్తుంది, ఇంకొకటి సూక్ష్మం చూస్తుంది. ఒకే పెట్టె రెండూ చేస్తుందని చెప్పినప్పుడే అనుమానించాలి.

భువనగిరి_బండ
అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటే ఎప్పుడూ దగ్గరి చూపే అనడం కూడా సరికాదు. స్వీడన్ రక్షణ పరిశోధకులు కారాబాస్ అనే రాడార్‌ను విమానానికి కట్టి అడవుల మీద తిప్పారు. అది 20 నుంచి 90 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేది. ఆ పొడవాటి తరంగాలు ఆకులను, కొమ్మలను లెక్కచేయక దూరిపోయి కింద దాచిన వాహనాలను చూపేవి. పట్టీ 70 మెగాహెర్ట్జే అయినా మధ్య పౌనఃపున్యం 55 కాబట్టి నిష్పత్తి ప్రకారం అది కూడా అల్ట్రా వైడ్‌బ్యాండే.

పాత_తరంగం
ఒప్పుకుంటున్నాను, నేను చెప్పింది లైసెన్సు లేని పెట్టెల గురించి. అయినా కారాబాస్‌కు తేడా తెలిసేది రెండు మీటర్లకు పైమాటే, లారీ కనబడుతుంది కానీ కేబుల్ కోసేవాడు కనబడడు. పెద్దవూర మీద రోజూ రాత్రి విమానం తిప్పడానికి 85 వేలు చాలవు కూడా.

అమ్రాబాద్_గుట్ట
రాడార్ అనే మాట వినగానే నాకు దోమలపెంట గుర్తుకొస్తుంది. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు మా మేనమామ కొడుకు అక్కడ ట్రాక్టరు నడుపుతున్నాడు. సొరంగం ముఖద్వారం నుంచి పద్నాలుగు కిలోమీటర్ల లోపల ప్రమాదం. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు భూమిలోకి చూసే రాడార్ తెచ్చారనీ, మనుషులున్న చోట్లు గుర్తించారనీ విన్నప్పుడు మా ఊళ్లో ఆ పూట ఎవరూ అన్నం సరిగా తినలేదు, ఎవరో ఒకరు ప్రాణాలతో వస్తారనే ఆశ. ఆ తర్వాత రోజులు గడిచాయి. మొదటి మృతదేహం దొరికేసరికి మార్చి 9 అయింది, దానికి కేరళ నుంచి వచ్చిన పోలీసు కుక్కలు కూడా వాసన చూపించాయి. అంత పెద్ద సంస్థ రాడార్‌కే అలా అయితే తోటలో పెట్టే పెట్టె సంగతి ఏమని చెప్పాలి?

రోడ్డు_సర్వే
నేను అదే రాడార్ లాగుతాను, జీతానికి. రోడ్ల కింద పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో చూడడం మా పని. గడ్డి కోసే బండిలాగా చక్రాల మీద తోసుకుంటూ పోవాలి, తెర మీద బొమ్మ రాదు, గీతలు వస్తాయి. పైపు మీదుగా పోతే బోర్లించిన గంపలాంటి వంపు పడుతుంది. ఆ వంపు పైపుదా, రాయిదా, పాత ఇనుప ముక్కదా అన్నది అనుభవంతో చెప్పాలి, అయినా పది చోట్ల గుర్తు పెడితే అన్నీ నిజం కావు. అమ్రాబాద్_గుట్ట గారు, అక్కడ రాడార్‌కు ఎదురైనవి చూడండి. నీళ్లు ఊరుతున్న ఒండ్రు ఒకటి, నలిగిపోయిన సొరంగం తవ్వే యంత్రపు ఇనుము ఇంకొకటి. నీళ్లు తరంగాన్ని తాగేస్తాయి, ఇనుము తిప్పికొడుతుంది. రెండూ కలిసిన చోట రాడార్ చెప్పేది ఇక్కడ ఏదో తేడాగా ఉంది అన్నంత వరకే. అది మనిషి అని చెప్పింది యంత్రం కాదు, ఆశతో విన్న మన చెవులు.

మన నేలల్లోనే తేడా చూశాను. పొడి చల్కలో, గ్రానైటు మీద మూడు నాలుగు మీటర్లు సుఖంగా కనబడుతుంది. అదే వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలో లాగితే మీటరు లోపలే గుడ్డిదైపోతుంది. ఒకసారి జడ్చర్ల దగ్గర కాంట్రాక్టరు తొందరపెడితే వర్షంలోనే లాగాను, పైపు లేదని రాశాను, మూడో రోజు జేసీబీ పన్ను ఆ పైపులోనే దిగింది.

మిర్యాలగూడ_మిల్లు
అయితే దొంగ కనబడాలంటే ముందు తోట ఎండాలన్నమాట.

రోడ్డు_సర్వే
నవ్వులాటకు అన్నా అందులో నిజం ఉంది. పచ్చి ఆకు అంటే సగానికి పైగా నీళ్లే. గిగాహెర్ట్జ్ తరంగాలకు కాపు మీదున్న బత్తాయి తోట ఒక తడి గోడ.

కోయిల్‌సాగర్_గట్టు
నేపాల్ భూకంపంలో శిథిలాల కింద గుండె చప్పుడు విని నలుగురిని బయటికి తీసిన రాడార్ ఉంది కదా. అది నిజం కాదా?

పాత_తరంగం
నిజమే. 2015లో చౌతారా అనే ఊళ్లో నాసా ప్రయోగశాల తయారుచేసిన ఫైండర్ అనే పెట్టె సాయంతో నలుగురిని బయటికి తీశారు. అయితే ఒక్క తేడా గమనించండి. శిథిలాల కింద మనిషి కదలడు, చుట్టూ ఉన్న రాళ్లూ కదలవు, పైన ఉన్నవాళ్లను కూడా దూరం జరగమంటారు. ఆ నిశ్శబ్దంలో మిగిలే కదలిక ఊపిరి ఒక్కటే. ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడుతుంది, నిమిషానికి 12 నుంచి 20 సార్లు. గుండె కొట్టుకోవడం వల్ల ఛాతీ మీద కనబడే కదలిక మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. కొంతసేపు విని, ఒకే లయలో మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని మాత్రమే ఏరుకుంటారు. తోటలో ప్రతి ఆకూ కదులుతుంది. పదివేల ఛాతీల మధ్య ఒక ఛాతీని వెతకడమంటే ఇదే.

గుండ్లపల్లి_పంపు
కదిలే ఆకుల గురించి నా అనుభవం రాస్తాను. పోయిన వేసవిలో మోటారు గదిలో చిన్న మైక్రోవేవ్ సెన్సార్ పెట్టాను, ఆన్‌లైన్‌లో వందలోపు దొరికేదే. మొదటి రాత్రి నలభై ఒక్క ఫోన్లు వచ్చాయి. తెల్లవారుజామున టార్చి పట్టుకుని వెళ్లి చూస్తే, కిటికీకి కట్టిన యూరియా గోతం గాలికి ఊగుతోంది. గోతం తీసేశాక ఫోన్లు ఆరుకు తగ్గాయి. ఆ ఆరు ఏమిటో ఇప్పటికీ తేలలేదు, బహుశా రేకుల గోడ గాలికి చప్పుడు చేసినప్పుడు కావచ్చు. వారం తర్వాత మా ఆవిడ ఫోనును సైలెంట్‌లో పెట్టింది, ఆ వారంలోనే కేబుల్ పోయింది.

పాలమూరు_బీటెక్
గుండ్లపల్లి_పంపు గారు చెప్పినదాన్నే పుస్తకంలో గుర్తింపు హద్దు అంటారు. హద్దు తగ్గిస్తే గోతం కూడా దొంగే, పెంచితే దొంగ కూడా గోతమే. చుట్టుపక్కల అలజడిని కొలుస్తూ హద్దును తనంతట తానే పైకీ కిందికీ జరుపుకునే పద్ధతులున్నాయి, గాలి వీచినప్పుడు హద్దు పెరుగుతుంది. ఆ తర్వాత మెట్టు, కదిలింది ఏమిటన్నది. మనిషి నడిస్తే మొండెం ఒక వేగంతో, చేతులు కాళ్లు వేరే వేగాలతో ఊగుతాయి. అడవి పందికి నాలుగు కాళ్లు గబగబా ఆడతాయి. ఆ సూక్ష్మ డాప్లర్ గీతలతో మనిషినీ జంతువునూ విడదీయవచ్చు. నా ప్రాజెక్టు ఇదే. మా హాస్టల్ వరండాలో నూటికి తొంభై సార్లు సరిగ్గా చెప్పింది.

పాత_తరంగం
వరండాలో.

పాలమూరు_బీటెక్
అవును, వరండాలోనే. ఒప్పుకుంటున్నాను.

వకీలు_సూర్యాపేట
రాడార్ ఎంత దూరం చూస్తుందనే దానిమీదే అందరూ మాట్లాడుతున్నారు, ఎవరిని చూస్తుందనే దానిమీద ఎవరూ మాట్లాడడం లేదు. గోడ అవతలి మనిషిని చూపే యంత్రం మోటారు గదికి పరిమితం కాదు, పక్కింటి గోడకు ఆనిస్తే పక్కింటివాళ్లనూ చూపుతుంది. అమెరికాలో ఎఫ్‌సీసీ 2002 నిబంధనల్లోనే గోడ దాటి చూసే పరికరాలను పోలీసులకు, అగ్నిమాపక, రక్షణ బృందాలకే పరిమితం చేశారు. అక్కడి సుప్రీంకోర్టు 2001లో కైలో కేసులో, ఇంటి బయట నిలబడి లోపలి వేడిని పరికరంతో కొలవడం కూడా సోదా కిందికే వస్తుందని తేల్చింది. 2014లో డెన్సన్ కేసులో పోలీసులు చేతి రాడార్‌తో ఇంట్లో మనిషి ఉన్నాడని తెలుసుకుని లోపలికి వెళ్తే, అక్కడి అప్పీళ్ల కోర్టు వారి చర్యను కొట్టివేయకపోయినా, ఈ పరికరం తీవ్రమైన ప్రశ్నలు లేవనెత్తుతోందని రాసింది. మన దగ్గర 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు.

నకిరేకల్_డ్యూటీ
వకీలు గారు, ఆ మాట మంచిదే కానీ ఇంకో పక్క కూడా చూడాలి. లోపల ఎంతమంది ఉన్నారో, పిల్లలు ఏ గదిలో ఉన్నారో తెలియకుండా తలుపు పగలగొట్టి లోపలికి పోయేవాడి పరిస్థితి ఏమిటి? బెంగళూరులోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఎల్‌ఆర్‌డీఈ దివ్యచక్షు అనే పేరుతో గోడ దాటి చూసే రాడార్‌ను తయారుచేసింది అందుకే కదా. ఆయుధం ఉన్నవాడికి గోడ చాటు ఎలా పనికొస్తుందో, బందీగా ఉన్నవాడికి ఈ రాడార్ అలా పనికొస్తుంది.

వకీలు_సూర్యాపేట
అనుమతి పత్రంతో వెళ్లేవాడి చేతిలో ఉంటే నాకు అభ్యంతరం లేదు. 85 వేలకు ఎవరికి పడితే వారికి అమ్ముతామంటేనే అభ్యంతరం.

రోడ్డు_సర్వే
నకిరేకల్_డ్యూటీ గారు, ఆ రాడార్లకు కూడా ఇనుప రేకు అడ్డం వస్తే పని ఆగిపోతుందని గుర్తుంచుకోండి. ఇటుక, కలప, పొడి కాంక్రీటు అయితే సరే, ఇనుప షట్టరు వేసిన దుకాణంలో ఏమీ కనబడదు.

కోయిల్‌సాగర్_గట్టు
దామగుండంలో నేవీ వాళ్లు రాడార్ కేంద్రం కడుతున్నారు కదా, అది వచ్చాక మన జిల్లాల్లో దొంగలు కనబడరా?

పాత_తరంగం
అది రాడార్ కాదు. 2024 అక్టోబరులో శంకుస్థాపన చేసిన ఆ కేంద్రం, సముద్రంలో ఉన్న నౌకలకు, జలాంతర్గాములకు అతి తక్కువ పౌనఃపున్యంలో సందేశాలు పంపేది. అక్కడివాళ్లందరూ రాడార్ అని పిలవడం వల్ల ఆ పేరు పడిపోయింది.

భువనగిరి_బండ
బత్తాయి_పెద్దవూర గారు, వాదనలు ఎన్నైనా చేయవచ్చు. ఆ పెట్టె మూత తీసి లోపల ఏముందో చూడండి.

బత్తాయి_పెద్దవూర
ఈరోజు పొద్దున మా అల్లుడు తీశాడు. నాలుగు మరలు. లోపల సగం ఖాళీ, బరువు కోసమని అనుకుంటాను, ఒక ఇనుప పట్టీ అంటించి ఉంది. మిగిలినవి ఫోను బ్యాటరీలాంటి బ్యాటరీ, వైఫై బోర్డు, అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఇంకో పచ్చటి బోర్డు. ఆ చిన్న బోర్డు మీద రెండు చదరపు రాగి మచ్చలు ఉన్నాయి, అంచున 24జీ అని సన్నగా అచ్చు వేసి ఉంది.

పాలమూరు_బీటెక్
రెండు రాగి మచ్చలు, 24జీ అంటే సందేహం లేదు. అది 24 గిగాహెర్ట్జ్ మనిషి ఉనికి సెన్సార్. గదిలో మనిషి ఉంటే లైటు వెలగడానికి, లేకపోతే ఏసీ ఆపడానికి వాడతారు. నా దగ్గర మూడున్నాయి, ఒక్కొక్కటి ఐదొందల లోపే కొన్నాను. ఐదారు మీటర్లు పనిచేస్తుంది.

పాత_తరంగం
పైగా అది అల్ట్రా వైడ్‌బ్యాండే కాదు. ఆ సెన్సార్లు వాడేది 24.0 నుంచి 24.25 దాకా, అంటే 250 మెగాహెర్ట్జ్. నిర్వచనంలో సగం. తేడా తెలిసేది 60 సెంటీమీటర్లకు. నిజమైన అల్ట్రా వైడ్‌బ్యాండ్ రాడార్ చిప్పులున్నాయి, నార్వేలో నోవెల్డా అనే సంస్థ చేస్తుంది, అవి కూడా గదిలో పది మీటర్ల లోపు ఊపిరిని చూడడానికే. నేను ఇంతసేపు లెక్కలు కట్టింది ఆ పెట్టెలో లేని వస్తువు గురించి.

మిర్యాలగూడ_మిల్లు
ఆ 4.2 మీటర్లు మరి?

పాత_తరంగం
24 గిగాహెర్ట్జ్ తరంగం తొమ్మిదంగుళాల ఇటుక గోడలోంచి దూరడం కష్టం, బహుశా తలుపులోంచో కిటికీలోంచో చూసి ఉంటుంది. ఇక 60 సెంటీమీటర్ల తేడా చూసే ఇలాంటి చౌక సెన్సారు పక్కన దశాంశం తర్వాతి అంకె ఉంటే, దాన్ని కొలతగా నమ్మకండి, చాలావరకు అలంకారమే.

గుండ్లపల్లి_పంపు
అమ్మినవాడికి కూడా ఇది తెలియకపోయి ఉండవచ్చు. ఎక్కడో తెచ్చి ఇక్కడ అమ్ముతాడు. ముందే మోసగాడు అనేయకండి.

మిర్యాలగూడ_మిల్లు
ఇనుప పట్టీ కూడా తెలియకుండానే అంటుకుందా?

వకీలు_సూర్యాపేట
బయానాకు రసీదు ఉందా? లైసెన్సు అవసరం లేని రేడియో పరికరమైనా సరే, దిగుమతి చేసుకోవాలంటే కేంద్ర వైర్‌లెస్ విభాగం నుంచి పరికర ఆమోద పత్రం ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగండి. అడిగిన తీరులోనే సగం పని అవుతుంది.

బత్తాయి_పెద్దవూర
అందరూ చెప్పినట్టే చేశాను. మూత బిగించి, ఏమీ తెలియనట్టు ఆయనను పిలిచి, డబ్బు సిద్ధంగా ఉంది, తోటలో ఒక్కసారి చూపించండి అన్నాను. పెట్టెను మోటారు గది బయట స్తంభానికి కట్టాడు. మా అల్లుడు చెట్ల వరుస వెంట నడిచాడు. మా తోటలో చెట్టుకూ చెట్టుకూ ఇరవై అడుగుల ఎడం. మొదటి చెట్టు దాకా చుక్క కనిపించింది, అది దాటి రెండో చెట్టు దగ్గరికి పోకముందే మాయమైంది. వెనక్కి రమ్మన్నాం. వచ్చేలోపు గాలి వీచి, మనిషి లేని చోట మూడు చుక్కలు పడ్డాయి. అంతలో మా మేక పెట్టె కిందికి వచ్చి నిలబడితే ఫోను గట్టిగా మోగింది. ఆయన ఈరోజు నెట్‌వర్క్ బాగాలేదన్నాడు. వకీలు గారు చెప్పిన పత్రం అడిగాను. తర్వాత వాట్సాప్‌లో పంపుతానన్నాడు. ఏడువేలు తిరిగిచ్చాడు, మూడువేలకు ఆ పెట్టెనే ఉంచుకోమన్నాడు.

రోడ్డు_సర్వే
మేకను పట్టుకుంది కాబట్టి పూర్తిగా పనికిరానిదని అనలేం.

గుండ్లపల్లి_పంపు
కేబుల్ పోయాక నేను చేసింది చెబుతాను. కేబుల్‌తోపాటు ఒక సన్నని తీగను కలిపి చుట్టి, దాని రెండు కొసలూ గదిలోని అలారానికి కలిపాను. తీగ తెగితే అలారం మోగి ఫోను వస్తుంది. ఆకు ఊగినా మేక వచ్చినా అది పట్టించుకోదు. నాలుగు నెలల్లో ఒక్కసారి మోగింది, అది ఎలుక.

భువనగిరి_బండ
దానికి తోడు ఆ 24 గిగాహెర్ట్జ్ బోర్డును తోటలో కాకుండా గది లోపల, స్టార్టర్ డబ్బాకు ఎదురుగా పెట్టండి. నాలుగు మీటర్ల గదిలో, ఆకుల్లేని చోట, అది చేయవలసిన పని అదే. కిటికీకి గోతం మాత్రం కట్టకండి.

పాలమూరు_బీటెక్
బత్తాయి_పెద్దవూర గారు, మీకు అభ్యంతరం లేకపోతే నా ప్రాజెక్టు పెట్టుకుని వచ్చే ఆదివారం మీ తోటకు వస్తాను. వరండా దాటి చెట్ల మధ్య మనిషి నడక, మేక నడక కొలవాలి. పాత_తరంగం గారు ఒక్క మాటతో నా తొంభై శాతాన్ని తీసేశారు, అది నిజంగా ఎంతో తెలుసుకోవాలి.

బత్తాయి_పెద్దవూర
రా బాబూ. సాగర్ రోడ్డు మీద పెద్దవూర దగ్గర దిగి ఫోను చేయి, మా అల్లుడు బండి తీసుకొస్తాడు. గాలి తక్కువగా ఉండాలంటే పొద్దున ఏడులోపు రావాలి. మేకను కట్టేయాలా, వదిలేయాలా?

పాలమూరు_బీటెక్
వదిలేయండి.